సంతకం లేదని పాత గాజుని తీసిపారేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పెద్దవాళ్ళ నుంచి ఇంటికి వచ్చిన పాత గాజు వస్తువులని ఎలా గుర్తుపట్టాలో ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో ఒక వ్యాసం వేశారు. గాజు గురించి పేపర్లో రాయడమే అరుదు, అందుకని పేజీ తిప్పగానే చాలా సంతోషం వేసింది. కానీ అందులో రెండు మాటల దగ్గర ఆగిపోయాను. అడుగున కంపెనీ పేరో సంతకమో లేకపోతే అది మామూలు గాజే అనుకోవచ్చు అన్నారు. ఎవరికైనా చూపించే ముందు ఉప్పూ వెనిగరూ వేసి బాగా రుద్ది, మెరిసేలా కడగమన్నారు. ఈ రెండూ తప్పండీ. మీ వ్యాసం రాకముందే ఒకటి నేను నమ్మాను, ఇంకోటి చేశాను. రెండోదాని వల్ల జరిగిన నష్టం ఇక పూడేది కాదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి నాకు వచ్చిన ఫ్లవర్ వాజ్ ఒకటుంది. జానెడు ఎత్తు, కెంపు రంగు. చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో ఎరుపుని చెక్కేసి లోపలి తెల్ల గాజు, అంటే రంగులేని గాజు, కనపడేలా కిటికీల్లా చేశారు, ఒక కిటికీలో రెండు చెట్ల మధ్య ఒక జింక నిలబడి ఉంటుంది, దాని కొమ్ములు ఎంత సన్నగా చెక్కారంటే భూతద్దం పెట్టి చూస్తే తప్ప ఎన్ని కొమ్మలుగా చీలాయో లెక్క అందదు. అంచు చుట్టూ బంగారు గీత ఉండేది. మా చిన్నప్పుడు దాన్ని ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, ఇది బెల్జియం గాజు, బంగారం కరిగించి పోస్తే ఆ ఎరుపు వచ్చింది అని. మామయ్యలు చెప్పారు, పెద్దమ్మ చెప్పింది, మా అమ్మ కూడా అదే చెప్పింది, నేనూ మా పిల్లలకి అదే చెప్పాను.

అమ్మ పోయాక వాజ్ నా దగ్గరికి వచ్చింది. ఏళ్ళ తరబడి బీరువాలో ఉండి బాగా మురికి పట్టింది. అమ్మ వస్తువు, శుభ్రంగా పెట్టుకుందామని ఉప్పూ వెనిగరూ కలిపి, గిన్నెలు తోమే పీచుతో అంచు దగ్గర గట్టిగా రుద్దాను. పీచు మీద పసుప్పచ్చగా మెరుపు కనిపించింది, మురికి వదులుతోంది అనుకున్నాను. ఆరబెట్టి వెలుతురులో చూస్తే అంచు మీద గీత లేదు. జింక ఉన్న వైపు, నా చెయ్యి సరిగా అందని చోట, బొటనవేలి గోరంత ముక్క మిగిలింది. నూరేళ్ళ నాటి గీతని రెండు నిమిషాల్లో పోగొట్టాను. గాజు మీద బంగారం పూత వెంట్రుక కంటే చాలా పల్చన, దాన్ని వస్తువు పైన రాసి తక్కువ వేడిలో కాలుస్తారంతే, గాజులో కలిసిపోదు. గరుకుగా ఏది తగిలినా అరుగుతుంది. కొన్ని వస్తువుల మీద బొమ్మలు అసలు కాల్చని రంగులతోనే వేసి ఉంటారు, అవి తడిగుడ్డకే లేచిపోతాయి. ఇది తెలియనివాళ్ళకి మెరిసేలా కడగండి అని పేపర్లో చెప్తే ఎన్ని ఇళ్ళలో ఎన్ని గీతలు పోతాయో అని టెన్షన్ వచ్చింది నాకు.

ఇక సంతకం సంగతి. కడిగిన కొన్నాళ్ళకి పాత వస్తువులు కొనే ఒకాయనకి చూపించాను. ఆయన వాజ్‌ని చేతిలోకి తీసుకోలేదు కూడా, టేబుల్ మీదే వేలితో టక్కున కొట్టి, వంచి అడుగు చూసి, పేరు లేదమ్మా, మోగడమూ లేదు, మామూలు గాజే, మిగతా సామాను ఏమైనా ఉంటే దాంతో కలిపి తీసుకుంటాను అన్నాడు. మా అమ్మమ్మ వస్తువు గురించి అలా అనేసరికి చాలా బాధేసింది, అయినా ఆయనకి తెలుసు కదా అనుకుని నమ్మాను. దాదాపు ఏడాది పాటు అది మళ్ళీ బీరువా అడుగు అరలోకి వెళ్ళిపోయింది. తర్వాత ఊరికే ఉండలేక పుస్తకాలు, మ్యూజియంల కేటలాగులు చదవడం మొదలుపెట్టాను, చదివేకొద్దీ ఆయన మాటలో ఎంత తప్పుందో అర్థమైంది.

పాత అలంకరణ గాజులో పేరు ఉన్నవాటి కంటే లేనివే ఎక్కువ. దానికి కారణం ఆ పని జరిగే తీరులోనే ఉంది. బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, గాజు ఊదేది ఒకచోట, దానికి సానపెట్టి చెక్కేది ఇంకోచోట, జింకల బొమ్మలు గీసేది మరో కుటుంబం, బంగారం పూసేది మరొకరు. ఇన్ని చేతులు మారిన వస్తువు మీద ఎవరి పేరు వేస్తారు? వేసినా చాలామంది కాగితం స్టిక్కర్ అంటించేవాళ్ళు, అది మొదటిసారి కడిగినప్పుడే పోతుంది. 1764లో మొదలైన బకారా లాంటి పేరున్న ఫ్రెంచి ఫ్యాక్టరీ కూడా తన ప్రతి వస్తువు మీదా యాసిడ్‌తో ముద్ర వెయ్యడం 1936 నుంచే మొదలుపెట్టింది. అంతకుముందు వాళ్ళ దగ్గర తయారైన ఎంతో గొప్ప సరుకు మీద ఏ గుర్తూ ఉండదు. ఆ కొనే ఆయన లెక్క ప్రకారం అదంతా మామూలు గాజే అవ్వాలి.

ముద్ర ఉంటే పనికిరాదని నేను అనడం లేదు. ఉంటే అది చాలా చెప్తుంది, ముఖ్యంగా కాలం గురించి. దిగుమతి వస్తువుల మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది, 1891 నుంచి అమలైంది, కాబట్టి దేశం పేరు ఉన్న వస్తువు ఆ తర్వాతది అయ్యే అవకాశం ఎక్కువ. చెకోస్లొవేకియా అని ఉంటే 1918కి ముందుది కానే కాదు, ఎందుకంటే ఆ దేశమే అప్పుడు పుట్టింది. ఇంగ్లండ్‌లో 1842 నుంచి 1883 వరకు డిజైన్ రిజిస్టర్ చేయించిన వస్తువుల మీద డైమండ్ ఆకారంలో గుర్తు వేసేవాళ్ళు, అందులోని అక్షరాలని బట్టి ఏ ఏడాది రిజిస్టర్ అయిందో తెలుసుకోవచ్చు, 1884 నుంచి దాని బదులు నంబరు వచ్చింది. ఫ్రాన్స్ గాజు కళాకారుడు రెనే లలీక్ 1945లో చనిపోయారు, ఆయన బతికున్నప్పటి వస్తువుల మీద పేరుకి ముందు ఆర్ అనే అక్షరం ఉంటుంది, ఆ తర్వాత తయారైనవాటి మీద ఉండదు. ఒక్క అక్షరంతో అంత తేడా.

కానీ మొత్తం వస్తువులో నకిలీ చేయడానికి అన్నిటికంటే తేలికైంది కూడా ఆ పేరే. మా దగ్గరి బంధువుల ఇంట్లో తాతగారి నుంచి వచ్చిన ఒక వాజ్ ఉంది, పొరలు పొరలుగా ఉన్న రంగు గాజుని యాసిడ్‌తో తినిపించి ఆకులూ పూలూ తేల్చినది, పక్కన ఉబ్బెత్తు అక్షరాల్లో గాలే అని సంతకం. ఎమిల్ గాలే ఫ్రాన్స్‌లో నాన్సీ పట్టణంలో పనిచేసిన చాలా పెద్ద కళాకారుడు, 1904లో పోయారు, తర్వాత కొన్నేళ్ళు ఆ ఫ్యాక్టరీ సరుకు మీద సంతకం పక్కన చిన్న నక్షత్రం వేసేవాళ్ళు. ఆ బంధువులు నన్ను పిలిచి చూడమంటే భూతద్దంతో చూశాను. సంతకం పక్కన వేలి గోరంత మేర గాజు కొంచెం పల్లంగా, చుట్టుపక్కల కంటే నున్నగా ఉంది, వేలితో రాస్తే తేడా తెలుస్తోంది. రుమేనియాలో గాలే పద్ధతిలో వాజులు చాలా తయారయ్యాయి. వాటిమీద గాలే అని రాసి పక్కన టిప్ అని మూడక్షరాలు వేస్తారు, రుమేనియన్‌లో దానికి ఆ తరహా అని అర్థం. తయారుచేసినవాళ్ళు దాచలేదు. మధ్యలో చేతులు మారినప్పుడు ఎవరో ఆ మూడక్షరాలనీ అరగదీస్తారు. ఆ ఇంట్లోవాళ్ళకి ఈ సంగతి చెప్పడం నాకు చాలా కష్టమైంది. వాళ్ళ తాతగారు మోసం చేశారని కాదు, ఆయన్నే ఎవరో మోసం చేసి ఉంటారు.

అందుకే చెప్తున్నాను, ముందు వస్తువుని చూడండి, పేరు తర్వాత. మొదలు పెట్టాల్సింది అడుగు నుంచి. ఊదిన గాజు ఊదే గొట్టం మీద ఉన్నప్పుడు పై అంచు తయారుచేయడం కుదరదు, కాబట్టి అడుగున ఒక ఇనప కడ్డీ అంటించి, గొట్టం విడగొట్టి, పై అంచు వేడి చేసి సరిచేస్తారు. చివరికి ఆ కడ్డీని విరగ్గొట్టినప్పుడు అడుగున ఒక మచ్చ మిగులుతుంది. అది గరుకుగా అలాగే వదిలేసి ఉండొచ్చు, లేదా సానపెట్టి గుండ్రటి నున్నని గుంటలా చేసి ఉండొచ్చు. నా వాజ్ అడుగున రూపాయి బిళ్ళంత నున్నని గుంట ఉంది. కడ్డీ మచ్చ ఉంటే పాతదే అని అర్థం కాదు, చేత్తో ఊదేవాళ్ళు ఇవాళ కూడా అలాగే చేస్తారు, కానీ ఇది అచ్చులో నొక్కింది కాక ఊదింది అయ్యే అవకాశం ఎక్కువ అని మాత్రం తెలుస్తుంది.

ఆ గుంట చుట్టూ వస్తువు నిలబడే అంచు ఉంటుంది కదా, చూడాల్సిందంతా అక్కడే ఉంది. పదిరెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం చాలు, నగలు చూసేవాళ్ళు కంటికి పెట్టుకుంటారే అలాంటిది. ఏళ్ళ తరబడి అరల మీద, టేబుళ్ళ మీద జరిపిన వస్తువుకి ఆ అంచు మీద గీతలు అన్ని దిక్కులకీ ఉంటాయి, కొన్ని లోతుగా, కొన్ని పైపైన, కొన్ని ఒకదాన్నొకటి కోసుకుంటూ. నేలకి తగిలే చోటే ఉంటాయి, పైకి పోయేకొద్దీ ఉండవు. పాతదానిలా కనిపించాలని ఉప్పుకాగితంతో రుద్దితే గీతలన్నీ ఒకే వైపుకి, ఒకే లోతుతో, దువ్వెనతో దువ్వినట్టు ఉంటాయి, పైగా నేలకి తగలని చోట కూడా ఉంటాయి. ఇది ఒకసారి రెండు వస్తువులు పక్కపక్కన పెట్టి చూస్తే ఇక మర్చిపోరు. బుడగలు ఉన్నాయి కాబట్టి పాతది అనేవాళ్ళు చాలామంది ఉన్నారు, దాన్ని నమ్మకండి, కొత్త గాజులోనూ కావాలని బుడగలు పెడతారు. గాజు నూరేళ్ళలో కిందికి జారి అడుగు లావెక్కుతుందన్న మాట కూడా నిజం కాదు.

చెక్కిందా, అచ్చులో నొక్కిందా అన్నది వేళ్ళకే తెలుస్తుంది. చేత్తో చక్రం మీద చెక్కిన డిజైన్‌లో మూలలు పదునుగా గుచ్చుకుంటాయి, దగ్గరగా చూస్తే ఒక గాడి పక్క గాడి కంటే వెంట్రుకవాసి పొడుగో పొట్టో ఉంటుంది. అచ్చులో నొక్కినవాటి మూలలు మెత్తగా, కొంచెం కరిగినట్టు ఉంటాయి, అచ్చు రెండు మూడు ముక్కలు కలిసిన చోట పైనుంచి కిందికి సన్నని గీత కనిపిస్తుంది. అమెరికాలో 1820ల్లో గాజుని యంత్రంతో అచ్చులో నొక్కడం మొదలైంది, ఖరీదైన చెక్కుడు గాజు లాంటిది సామాన్యుల ఇళ్ళలోకి అలా వచ్చింది. నొక్కిన గాజు అంటే తక్కువ అనుకోవద్దని కూడా చెప్పాలి. 1907 ప్రాంతంలో అమెరికాలో ఫెంటన్ కంపెనీ నొక్కిన గాజు వేడిగా ఉండగానే లోహపు లవణాలు చల్లి నెమలి మెడ రంగులు తెప్పించింది, ఇప్పుడు దాన్నే కార్నివాల్ గ్లాస్ అంటారు, దానికోసం ప్రాణం పెట్టే సేకర్తలు ఉన్నారు.

మోగలేదు కాబట్టి మామూలు గాజు అన్న మాట దగ్గరికి వస్తాను. సీసం కలిపిన గాజు వేలితో మీటితే గంటలా మోగుతుంది, నిజమే. ఇంగ్లండ్‌లో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ 1674లో కొత్త రకం స్ఫటికపు గాజుకి పేటెంట్ తీసుకున్నాడు, అందులో సీసం కలిపే పద్ధతిని తర్వాతి ఏళ్ళలో కుదిర్చాడు, అప్పటినుంచి బరువుగా, మెరుపుగా, మోగే గాజు అంటే సీసం గాజే. కానీ బొహీమియావాళ్ళ సంప్రదాయం వేరు, వాళ్ళు కట్టెల బూడిద నుంచి తీసిన పొటాషు, సున్నం వాడేవాళ్ళు. ఆ గాజు గట్టిది, లోతుగా బొమ్మలు చెక్కడానికి బాగా పనికొచ్చేది, కానీ సీసం గాజులా మోగదు. అది మోగకపోవడం లోపం కాదు, దాని పుట్టుకే అంత. మోత ఆకారాన్ని బట్టి కూడా మారుతుంది, మూతి ఇరుకైన వాజ్ సీసంతో చేసినా సరిగా మోగదు. ఇంకో సంగతి, కంటికి కనపడని పగులు ఉన్న వస్తువుని వేలితో కొడితే చేతిలోనే విడిపోవచ్చు. దయచేసి ఎవరినీ అలా కొట్టనివ్వకండి.

దానికంటే నమ్మదగ్గ పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. గ్రాములు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఉంటే చాలు. ముందు వస్తువుని మామూలుగా తూయండి. తర్వాత త్రాసు మీద నీళ్ళున్న ప్లాస్టిక్ బకెట్ పెట్టి అంకెని సున్నా చెయ్యండి. వస్తువుని గట్టి నూలు తాడుతో కట్టి, మొత్తం నీళ్ళలో మునిగేలా, కానీ అడుగుకీ పక్కలకీ తగలకుండా వేలాడదీయండి, లోపల గాలి చిక్కుకోకుండా చూసుకోండి. అప్పుడు త్రాసు చూపించే అంకె ఆ వస్తువు పక్కకి తోసిన నీళ్ళ బరువు. మొదటి బరువుని దాంతో భాగించండి. నా వాజ్ బయట 610 గ్రాములు, నీళ్ళలో 244 వచ్చింది, అంటే 2.5. సీసం లేని గాజు అక్కడక్కడే ఉంటుంది. అదే రోజు మా వదిన వాళ్ళ చెక్కుడు గిన్నె ఒకటి తూస్తే 1,550 గ్రాములకి 500 వచ్చింది, 3.1, అది సీసం బాగా ఉన్న గాజు. వదిన ఆ గిన్నెని అన్నాళ్ళూ మామూలు గాజే అనుకుంటోంది. అతికించినవీ, కాల్చని రంగులు వేసినవీ, పగుళ్ళున్నవీ మాత్రం ఇలా ముంచకండి.

ఇక మా ఇంటి బంగారం కథ. బంగారంతో ఎర్ర గాజు చేయడం కట్టుకథ కాదు, పదిహేడో శతాబ్దం చివర్లో జర్మనీలో యోహాన్ కుంకెల్ దాన్ని బాగా సాధించాడు. బంగారాన్ని యాసిడ్లలో కరిగించి చాలా కొద్దిగా గాజులో కలుపుతారు, మొదట పెద్ద రంగేమీ ఉండదు, మళ్ళీ వేడి చేస్తే అప్పుడు ఎరుపు తేలుతుంది. అలాంటి గాజుని పక్కనుంచి చూస్తే మందమంతా ఎర్రగానే ఉంటుంది, లేదా తెల్ల గాజు మీద మందపాటి ఎర్ర పొర ఉంటే చెక్కిన చోట మెట్టులా ఆ పొర మందం కనిపిస్తుంది. నేను వాజ్‌ని కిటికీ దగ్గర పెట్టి, పై అంచుని పక్కనుంచి భూతద్దంతో చూశాను. అంచు మందమంతా తెల్లగా ఉంది. ఎరుపు కేవలం పైన చర్మంలా ఉంది, దానికి మందమే లేదు. అడుగు అంచు మీద ఏళ్ళ రాపిడి తగిలిన చోటల్లా ఎరుపు పోయి తెల్ల గాజు బయటపడింది, అక్కడక్కడా ఎరుపు నారింజ వైపుకి తిరిగింది. అంటే ఇది పోసిన రంగు కాదు, పైన పూసి కాల్చిన రంగు. రాగితో చేసేది.

ఆ పద్ధతికి పేరు తెచ్చింది ఫ్రీడ్రిక్ ఈగర్‌మన్. ఉత్తర బొహీమియాలో, ఇప్పటి నోవీ బోర్ ప్రాంతంలో పనిచేశాడు, ముందు వెండితో పసుపు పూత, తర్వాత 1830ల్లో రాగితో ఈ ఎరుపు పూత కుదిర్చాడు. బంగారం అక్కర్లేకుండా కెంపు రంగు వచ్చింది, పూత పల్చన కాబట్టి చక్రం తగిలించగానే తెల్ల గాజు బయటపడుతుంది, అందుకే అడవి, జింక, కోట, తీగలు ఇలా గీయడానికి అది సరిగ్గా సరిపోయింది. మా అమ్మమ్మ వాజ్‌లో ఎరుపు బంగారంతో వచ్చింది కాదని, అది బెల్జియం కాదని తెలిసిన రోజు ఒక్క క్షణం గుండె జారింది. తర్వాత ఆ జింకని మళ్ళీ చూశాను. ఎవరో ఒక మనిషి తిరుగుతున్న రాగి చక్రానికి నూనె, రాపిడి పొడి రాసి, వస్తువుని చేత్తో పట్టుకుని, చక్రం కింద తను గీస్తున్న చోటు తనకే సరిగా కనపడకుండా, ఆ కొమ్ములన్నీ గీశాడు. బెల్జియంలోనూ వాల్ సాంలాంబేర్ లాంటి గొప్ప ఫ్యాక్టరీ 1826లో మొదలైంది, మంచి విదేశీ గాజంతా ఇళ్ళలో బెల్జియం అయిపోవడానికి అలాంటి పేర్లే కారణం అయ్యుండాలి. ఇంట్లో చెప్పుకునే పేరు ఒక ఆధారమే, కాకపోతే దాన్నీ మిగతా ఆధారాలతో కలిపి తూచాలి.

యూవీ టార్చ్ కూడా ఒకటి కొన్నాను, దొంగనోట్లు చూడటానికి వాడతారే ఆ ఊదా లైటు. చీకటి గదిలో వేస్తే కొన్ని పసుప్పచ్చ, ఆకుపచ్చ గాజులు పచ్చగా మండుతున్నట్టు వెలుగుతాయి, అది రంగు కోసం గాజులో కలిపిన యురేనియం. బొహీమియాలో యోసెఫ్ రీడెల్ 1830ల్లో అలాంటి రంగులు చేసి వాటికి తన భార్య ఆనా పేరు పెట్టుకున్నాడు. మసకగా పచ్చగా కనిపిస్తే మాత్రం యురేనియం అని సంబరపడొద్దు, గాజు తెల్లబడటానికి వేసిన మాంగనీస్ కూడా అలా వెలుగుతుంది, నా వాజ్ అడుగున కనిపించింది అదే. మాంగనీస్ ఉన్న పాత గాజు ఏళ్ళ తరబడి ఎండలో ఉంటే లేత ఊదా రంగుకి తిరుగుతుంది. అతికించిన చోట జిగురు కూడా ఈ లైటులో వేరే రంగులో తెలుస్తుంది, కొనేవాళ్ళకి ఇది చాలా ఉపయోగం.

ఇంతా చేసినా వయసు దగ్గర ఆగిపోయాను. ఎర్ర పూత మీద జింకలు చెక్కిన గాజు ఇరవయ్యో శతాబ్దంలో కూడా చాలా తయారైంది, ఇప్పటికీ అవుతోంది. అడుగు గీతలు పాతదనే చెప్తున్నాయి, కానీ ఎంత పాతది? దానికి జవాబు గాజులో దొరకలేదు, అమ్మ ట్రంకుపెట్టెలో దొరికింది. మా అమ్మమ్మ చిన్నపిల్లగా తన అమ్మ పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో, వెనక 1926 అని సిరాతో రాసుంది. పక్కన చిన్న బల్ల మీద ఆ వాజ్ ఉంది, జింక వైపే ముందుకి పెట్టారు. అంటే 1926 నాటికి అది ఇంట్లో ఉంది. మ్యూజియంలో పనిచేసి రిటైరైన ఒకావిడకి ఆ ఫోటో, వాజ్ ఫోటోలు పంపిస్తే, చెక్కుడు పనితనం, ఆకారం చూసి పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో బొహీమియాలో చేసింది అయ్యుండాలి, ఎవరు చేశారో చెప్పలేం అన్నారు. నాకు ఆ జవాబు చాలా నచ్చింది. పేరు చెప్పలేం అని చెప్పగలగడానికి ఎంత తెలిసుండాలో ఇప్పుడు నాకు అర్థమవుతుంది. మిగిలిన గోరంత బంగారు ముక్కని ఆవిడ పెద్దది చేసి చూసి, ఆ గీత మొదటినుంచీ ఉన్నదే, తర్వాత వేసింది కాదు అన్నారు. మొత్తం గీత ఉండుంటే దాని మీద ఉన్న సన్న తీగ డిజైన్‌ని బట్టి ఇంకొంచెం దగ్గరగా కాలం చెప్పగలిగేదాన్ని అన్నారు. అది విన్నాక మళ్ళీ ఆ పీచు గుర్తొచ్చింది.

కాబట్టి మీ పాఠకులకి నా విన్నపం ఇది. వస్తువు చేతికి రాగానే కడగకండి, ముందు ఫోటోలు తీయండి. నిలువుగా ఒకటి, పక్కనుంచి వెలుతురు పడేలా అడుగు ఒకటి, పై అంచు దగ్గరగా ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి. ఫ్లాష్ వద్దు, మెరుపులో ఏమీ కనపడదు. అంటించి ఉన్న స్టిక్కర్, చీటీ, దారం ముక్క ఏదైనా సరే తీయొద్దు. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో అడిగి రాసిపెట్టండి, నేను అమ్మని అడగలేదు, ఆ సంగతి ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కడగాల్సి వస్తే బంగారం, రంగులు, నెమలి మెరుపు లేని వస్తువుని ప్లాస్టిక్ టబ్బులో మెత్తటి తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళతో, రెండు చుక్కల మెత్తని సబ్బుతో, చేత్తోనే కడగండి. బంగారం ఉంటే మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి వదిలేయండి. డిష్‌వాషర్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. వాజ్ లోపల తెల్లగా పాచిపట్టినట్టు ఉంటే, అది నీళ్ళు నిలవుండి గాజే దెబ్బతినడం వల్ల వచ్చింది కూడా కావచ్చు, అలాంటిది ఎంత రుద్దినా పోదు. చూపించాలనుకుంటే కొనేవాళ్ళ దగ్గరికి మొదట వెళ్ళకండి. మ్యూజియంవాళ్ళు మామూలుగా ధర చెప్పరు, కానీ అదేమిటో చెప్పగలిగేవాళ్ళు వాళ్ళలో ఉంటారు. అమెరికాలోని కార్నింగ్ గాజు మ్యూజియం సేకరణలోని వస్తువుల ఫోటోలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు, నేను రాత్రుళ్ళు కూర్చుని చూసింది ఎక్కువ అవే.

మీకూ ఒక విన్నపం. ఆ ఉప్పు, వెనిగర్ సలహాని వచ్చే ఆదివారంలోపే సవరిస్తూ నాలుగు లైన్లు వేయండి, నా ఉత్తరం మొత్తం వేయడానికి చోటు లేకపోయినా పర్వాలేదు, ఆ నాలుగు లైన్లు మాత్రం వేయండి. ఇప్పటికే పేపర్ చదివి ఎవరో ఒకరు బీరువాలోంచి ఒక వస్తువు తీసి సింకు పక్కన పెట్టుకుని ఉంటారు. నా వాజ్ ఫోటోలు, రుద్దిన అంచుదీ, మిగిలిన గీతదీ, ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. కావాలంటే వేసుకోండి.

ఇట్లు,
మీ పాఠకురాలు